తుంగ నాటిన వానాకాలం

చెరువు ఒడ్డున మొక్కలు నాటే పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు సిద్దిపేటలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. నేను రిటైరై చాలాకాలమైంది. అయినా ఆ గల్లీలో ఒక పెద్దమ్మ ఉంది, ఆమెకు చెరువుల పని తెలుసని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఏ మొక్క నీళ్ళకు ఎంత దగ్గరలో పెట్టాలి, ఏ కార్తెలో పెట్టాలి అని వాళ్ళు అడుగుతారు. తెలిసినంత చెబుతాను. అదంతా చాయ్ చల్లారేలోపే అయిపోతుంది. వాళ్ళు లేవబోతుంటే మళ్ళీ కూర్చోబెట్టి ఒక బర్రె సంగతి చెబుతాను. మొదట నవ్వుతారు. నవ్వనిస్తాను. నేనూ నవ్వుతూనే చెబుతాను.

ఎనభైల చివరి మాట. నేను పదో తరగతి పాసై, పెళ్ళయి, నర్సరీలో సంచులకు మట్టి నింపే కూలీగా చేరాను. లెక్క రాయడం వచ్చు కాబట్టి కొన్నాళ్ళకు ఆడవాళ్ళ ముఠాకు మేస్త్రీని చేశారు. పని వానాకాలంలోనే ఉండేది. మృగశిరకు మొదలై దసరా దాటాక ముగిసేది. మిగతా ఏడాదంతా ముఠాలోని అందరమూ బీడీలు చుట్టేవాళ్ళం. మా అత్తమ్మకు నా పని నచ్చేది కాదు.

"పది సదివి బురద దొక్కుడేంది బిడ్డా? ఇంట్ల నీడకు కూసోని బీడీలు జేసుకోరాదు?" అనేది.

నీడలో కూర్చుని చేసే పనే నాకు వద్దు. పొద్దంతా వంగిన మెడ, తంబాకు వాసన, దగ్గు. చెరువు కాడైతే గాలి ఉంటుంది, నలుగురు ఆడవాళ్ళ మాటలు ఉంటాయి, నడుము నొప్పి పుడితే నిలబడి చూడటానికి నీళ్ళుంటాయి. మా ముఠాలో ప్రతి ఒక్కరి మనసులో మాట అదే. అందుకే ఆ ఏడు మా సారు చెప్పిన మాట అందరికీ గట్టిగా తగిలింది.

మా సారు, అంటే నర్సరీ పనులు చూసే ఆఫీసరు, చిన్న వయసువాడు. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చాడు. కూలీలతో కూడా "అండీ" అని మాట్లాడేవాడు. మా ముఠాలో అందరికన్నా పెద్దావిడను మేమంతా పెద్దక్క అనేవాళ్ళం. ఆమె సారు వెనక తిరగ్గానే "కొడవలండీ, తట్టండీ, బురదండీ" అని మమ్మల్ని నవ్వించేది. ఆ సారే చంద్లాపూర్ దారిలో ఉన్న ఒక ఊరి చెరువు కాడికి మమ్మల్ని తీసుకెళ్ళి, ఒడ్డు చూపించి చెప్పాడు.

"ఈ చెరువు మనకు పరీక్ష అనుకోండమ్మా. దసరా తర్వాత పెద్దసారు వచ్చి చూస్తారు. మొక్కలు నిలిస్తే వచ్చే ఏడు ఇంకొన్ని చెరువులు ఇస్తారు. నిలవకపోతే ఈ పని ఇంతటితో ఆగిపోతుంది."

ఒడ్డు చూస్తే మాకు భయం వేసింది. ఎటు చూసినా లొట్టపీసు పొదలే. ఊదారంగు పూలతో చూడటానికి అందంగానే ఉంటుంది గానీ పశువు ముట్టదు, పిట్ట గూడు కట్టదు. నీళ్ళు కనపడనంతగా పెరిగిపోయింది. పాత కాలపు తుంగ, రెల్లు, వావిలి దాని కింద పడి ఎప్పుడో పోయాయి. వాటి వేళ్ళు లేక అలల దెబ్బకు ఒడ్డు మన్ను ఏటా చెరువులోకి జారుతోంది. మా పని లొట్టపీసు పీకడం, నీళ్ళ అంచున తుంగ, దానికి పైన రెల్లు, వావిలి, ఇంకా పైన ఈత మొక్కలు పెట్టడం. అవన్నీ ఒకప్పుడు ఆ ఒడ్డున పెరిగిన జాతులే, కొత్తవి కావు. దూరపు కుంటల నుంచి తుంగ దుబ్బులు తవ్వి తెచ్చేవాళ్ళం. ఈత మొక్కలు ఆ ఊరి కల్లుగీసే తాత ఇచ్చాడు. చెరువు ఒడ్డున ఈత చెట్లు వస్తున్నాయంటే ఆయనకు సంతోషం.

లొట్టపీసు పీకడం ఒక ఎత్తు, పీకినదాన్ని పారేయడం ఇంకో ఎత్తు. తడి మన్నులో ఒక ముక్క పడితే చాలు, వారంలో చిగురేస్తుంది. అందుకే కట్టలు కట్టి పైన బండ మీద ఎండబెట్టేవాళ్ళం. చేతులు బొబ్బలెక్కాయి. అయినా పదిహేను రోజుల్లో ఒక పక్క ఒడ్డు బయటపడింది. అక్కడ మొదటి వరుస తుంగ నాటి, సాయంత్రం గట్టెక్కి చూసుకుంటే మాకే ముచ్చటేసింది.

మర్నాడు పొద్దున వచ్చేసరికి ఆ వరుసంతా తొక్కిడి. బర్రెల గిట్టల గుంటలు, వాటిలో నీళ్ళు, నీళ్ళలో మా తుంగ.

ఆ బర్రెలు పాలవ్వవి. అసలు పేరు మాకు తెలియదు, ఊళ్ళో అందరూ పాలవ్వ అనేవాళ్ళు. తెల్లవారకముందే పాలు తీసి తొలి బస్సులో సిద్దిపేటకు తీసుకెళ్ళి అమ్మేది, పొద్దెక్కేలోపే తిరిగి వచ్చి బర్రెలను చెరువులోకి తోలేది. సన్నగా, పొడుగ్గా, చేతిలో కర్రతో ఉండేది. నేను ఎదురెళ్ళి మర్యాదగానే చెప్పాను.

"అవ్వా, జర అటు దిక్కు తోలుకపో. గీడ కొత్తగ తుంగ వెట్టినం. చెరువు మంచిగైతది."

"చెరువుకేమైంది? మంచిగనే ఉన్నది. నా బర్లు పుట్టకముందుకెళ్ళి గీడ్నే దిగుతున్నయ్."

"పుట్టకముందు ఎట్ల దిగినయే అవ్వా?" అంది పెద్దక్క వెనక నుంచి.

ముఠా అంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వుతో పని చెడింది. ఆమె మమ్మల్ని ఒక్క చూపు చూసి, బర్రెలను మళ్ళీ మా వరుస మీదుగానే తోలుకుపోయింది.

అప్పటి నుంచి మాకు, ఆమెకు పట్టుదల. మేం నాటడం, ఆమె బర్రెలు తొక్కడం. సారుతో చెబితే ముళ్ళకంప వేయించాడు. ఆమె కర్రతో కంపను పక్కకు నెట్టి తోవ చేసుకుంది. ఇంకా మందంగా వేశాం. చివరికి సారు విసిగి, సర్పంచును వెంటబెట్టుకొని వస్తానని, ఆమె మాట వినకపోతే పోలీసు స్టేషన్‌లో చెప్పక తప్పదని అన్నాడు. ఏ రోజు వస్తాడో కూడా చెప్పాడు. ఆ రోజుకు వరుసలన్నీ నాటి సిద్ధంగా ఉంచమన్నాడు.

ఆ రోజే అంతా జరిగింది.

ముందు రాత్రి మంచి వాన పడింది. మేం వెళ్ళేసరికి చెరువులోకి కొత్త నీళ్ళు వచ్చి ఒడ్డంతా మెత్తబడింది. తుంగ దుబ్బులు విప్పి పంచుతున్నాం. అప్పుడే అటు చివర నుంచి కేక వినపడింది. పాలవ్వ గొంతే. రోజూ వినే తిట్టు కాదది. పరుగెత్తాం.

ముళ్ళకంప మందంగా ఉండటంతో ఒక బర్రె దాన్ని తప్పించుకొని పక్కనుంచి దిగింది. అక్కడ మేం లొట్టపీసు మొదళ్ళు తవ్వి తీసిన గుంటలున్నాయి. రాత్రి వానకు వాటిలోకి ఒండ్రు చేరి, పైకి చదునైన నేలలా కనపడుతున్నాయి. బర్రె అందులో పొట్టదాకా దిగబడింది. కొట్టుకున్నకొద్దీ ఇంకా కూరుకుపోతోంది. పైగా అది సూడి బర్రె, నెలలు నిండుతున్నాయి. పాలవ్వ నడుముదాకా బురదలో దిగి దాని తల రెండు చేతులా పట్టుకొని ఉంది.

"లెవ్వు బిడ్డా. లెవ్వు నా తల్లి. గిట్ల జేస్తవా నన్ను?" అంటోంది.

ఆ మాట విన్నాక తుంగ సంగతి ఎవరికీ గుర్తులేదు. కొంగులు దోపి దిగాం. చేతులతో, తట్టలతో కాళ్ళ చుట్టూ బురద తోడటం మొదలుపెట్టాం. తోడినంత మళ్ళీ లోపలికి జారుతోంది. నేను గట్టు మీదికి పరుగెత్తి మాకు తాగే నీళ్ళు తెచ్చే ట్యాంకరు డ్రైవర్‌ను పిలిచాను. ఆయన సిద్దిపేట మనిషి, మేమంతా చాచా అనేవాళ్ళం. ట్యాంకరు విడదీసి ట్రాక్టరు ఒక్కటే కిందికి తెచ్చాడు. ఎవరో తొందరపడి బర్రె మెడకు తాడు వేయబోతే పైనుంచి అరిచాడు.

"నక్కో, నక్కో! గర్దన్‌కు కడ్తే పాణం పోతది. ఛాతీకి కట్టుండ్రి, ముందర కాళ్ళ ఎనుక నుంచి!"

కట్టాం. ట్రాక్టరు కదిలింది. తాడు పుటుక్కున తెగి, పట్టుకున్నవాళ్ళమంతా వెల్లకిలా పడ్డాం. బర్రె ఒక రకంగా మూలిగింది. పాలవ్వ ఏడవలేదు గానీ ఆమె మొహం చూడలేకపోయాను.

అప్పటికి కల్లుగీసే తాత వచ్చాడు. ఏమీ అడగలేదు. నడుముకున్న మోకు విప్పి మా మీదికి విసిరాడు. చెట్టు ఎక్కేటప్పుడు ఆయన ప్రాణాన్ని మోసే తాడది. ఇంకొకరి చేతికి ఇవ్వడు.

"తాతా, ఖరాబైతదే," అన్నాను.

"ఐతే ఇంకోటి పేనుకుంట. జల్ది కట్టు."

మోకును దాని ఛాతీ కిందుగా తిప్పి, ట్రాక్టరు తాడును రెండు పేటలు చేసి మోకుకు ముడివేశాం. కాళ్ళు మోపడానికి ఆసరా కావాలని పెద్దక్కకు తోచింది. బండ మీద ఎండబెట్టిన లొట్టపీసు కట్టలు, చాలక ఆ పక్కనే పడున్న పచ్చివి కూడా తెచ్చి బర్రె ముందు పరిచాం. చాచా ఈసారి ట్రాక్టరును పసిపిల్లను నడిపించినట్టు నడిపించాడు. ఇంజను గుడగుడమంటోంది, తాడు బిగుస్తోంది, మేం వెనక నుంచి భుజాలు పెట్టి తోస్తున్నాం. పాలవ్వ ముందు నుంచి పిలుస్తూనే ఉంది. ఒక కాలు బయటికొచ్చి కట్టల మీద పడింది. తర్వాత రెండోది. ఉన్నట్టుండి పెద్ద చప్పుడుతో బర్రె మొత్తం పైకొచ్చింది.

కాసేపు వణుకుతూ నిలబడింది. మేమంతా దాన్నే చూస్తున్నాం. అది మా వైపు కూడా చూడకుండా, నాలుగడుగులు పక్కకు నడిచి, నేరుగా చెరువు నీళ్ళలోకి దిగి కూర్చుంది.

ఎవరు మొదలుపెట్టారో తెలియదు, బురదలోనే కూలబడి నవ్వాం. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

సరిగ్గా అప్పుడే గట్టు మీద మోటారు సైకిలు ఆగింది. సారు, వెనక సర్పంచు. సారుకు కనపడిందేమిటంటే, నాటాల్సిన తుంగంతా ఎండలో వాడుతోంది. నాటిన వరుసల మీద ట్రాక్టరు టైర్ల దారులు. కూలీలు బురదలో పడి నవ్వుతున్నారు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు నాతో.

నేను నోరు తెరిచేలోపు పాలవ్వ కర్ర ఎత్తి బురదకాళ్ళతో ఆయన మీదికి వెళ్ళింది. ఇంతసేపు మేం పడ్డ కష్టానికి ఒక మంచి మాట వస్తుందేమోనని నాకు ఆశ ఉండింది. రాలేదు.

"నువ్వేనా సారువు? గీ బొందలు తవ్వమన్నది నువ్వేనా? నా బర్రె సచ్చిపోతుండె. కడుపుల దూడ ఉన్నది దానికి. చెట్లు వెడ్తం, చెరువు మంచిగ జేస్తం అంటిరి. గిదేనా మంచిగ జేసుడు?"

సర్పంచు సర్దబోయాడు. సారు ఆయన్ను ఆగమని చేయి చూపి, చెప్పులు విడిచి కిందికి దిగాడు. గుంట దగ్గరికి వెళ్ళి చూశాడు. పక్కన ఇంకో గుంటలోకి కర్ర దించి చూశాడు. కర్ర సగందాకా దిగింది. దాన్ని పైకి లాగి పక్కన పడేశాడు. తర్వాత ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మొదళ్ళు తీశాక గుంటలు పూడ్చమని వీళ్ళకు నేను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. తప్పు నాదేనమ్మా."

ఒక ఆఫీసరు నోటి వెంట ఆ మాట మేమెవరమూ అంతకు ముందు వినలేదు. పాలవ్వ ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉంది.

"తప్పని నువ్వే ఒప్పుకుంటే ఇగ నేనెవలతోని కొట్లాడాలె?" అంది.

"కొట్లాట తర్వాత చూద్దాంలే అమ్మా. ముందు మీ బర్రెలు ఎక్కడ దిగితే మీకు బాగుంటుందో చూపించండి."

ఆమె కాసేపు అనుమానంగా చూసింది. ఆ తర్వాత ముందు నడిచింది. మేమంతా వెనక. ఇక్కడ కింద బండ ఉంది, గిట్టలు దిగబడవు అని ఒక చోట ఆగింది. ఆ మూల బట్టలుతికేవాళ్ళ రేవు, దానికి అడ్డం పెట్టకండి అంది. చేపలు పట్టేవాళ్ళు తెప్పలు లాగే జాగ ఇంకోటి చూపింది. చూపిస్తూ చూపిస్తూ ఆమె గొంతులో కోపం తగ్గింది గానీ దర్పం పెరిగింది. సారు ఆమె చెప్పిన చోటల్లా నాతో కర్రమేకులు పాతించాడు. నాటే గీతను మూడు చోట్ల తెంచి ఆ జాగలు వదిలేశాం. చాచా మొరం మట్టి తెచ్చి బర్రెల బాటకు పోశాడు. గుంటలన్నీ పూడ్చేదాకా కొత్త మొక్క నాటలేదు. సర్పంచును ఎందుకు తీసుకొచ్చాడో ఆ మాట సారు మళ్ళీ ఎత్తలేదు.

ఇదంతా బాగానే ఉంది కానీ పని మాత్రం వెనకబడింది. ట్రాక్టరు కింద పోయిన వరుసలు మళ్ళీ నాటాలి. దూరపు కుంటలో తుంగ అయిపోవచ్చింది. పైగా బర్రె కాళ్ళ కింద పరిచిన పచ్చి లొట్టపీసు కట్టలు అక్కడే బురదలో ఉండిపోయి, వారం తిరిగేసరికి అంతా చిగుళ్ళే. పెద్దక్క వాటిని చూసి నెత్తి కొట్టుకుంది.

"మన చేతులతోని మనమే నాటినం గదనే! గిదైతె ఒక్కటి సావలేదు!"

మళ్ళీ పీకాం. ఆ నెలంతా ఆదివారాలు కూడా వెళ్ళాం. ఉన్న తుంగ దుబ్బులనే చిన్నగా చీల్చి ఎడంగా పెట్టాం. పెద్దసారు వచ్చేనాటికి నిలుస్తాయో లేదోనని లోపల గుబులుగానే ఉండేది. మా అత్తమ్మ మాత్రం తంబాకు, ఆకు తెప్పించి నా కోసం సిద్ధంగా పెట్టింది.

పాలవ్వ మాతో మంచిగా మాట్లాడిందని చెప్పను. బర్రె ఈనింది, దూడ బాగుంది అని ఊళ్ళోవాళ్ళు చెప్పారు. జున్ను తెస్తుందని మేం రెండు రోజులు ఎదురుచూశాం. తేలేదు. సిద్దిపేటలో మంచి ధరకు అమ్ముకుందట. కానీ ఎవరి మేకలైనా మా మొక్కల వైపు వస్తే ఆమె కర్ర ముందు లేచేది. మీ మొక్కల కోసం కాదు, మేకలు నా బర్రెల బాట ఆగం చేస్తున్నాయి అనేది. ఎందుకోసమైతేనేం, మేకలు పోయేవి.

దసరా దాటాక పెద్దసారు వచ్చాడు. ఒడ్డు వెంబడి మెల్లగా నడిచాడు. కొన్ని చోట్ల మొక్కలు పలచగా ఉన్నాయి. కొన్ని చోట్ల ఎండిపోయాయి. మా సారు మొహంలో రంగు లేదు. నడుస్తూ నడుస్తూ బర్రెల బాట దగ్గరికి వచ్చాం. దానికి రెండు పక్కలా తుంగ నడుమెత్తు పెరిగి, నల్లగా, గుబురుగా ఉంది. లోపల నుంచి నీటికోడి ఒకటి చప్పుడు చేస్తూ బయటికి పరుగెత్తింది. పెద్దసారు ఆగిపోయాడు.

"ఇక్కడ ఏం ఎరువు వేశారు?"

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. చాచా చేతులు కట్టుకొని ముందుకొచ్చాడు.

"బర్రె ఎరువు సాబ్. దినాం పొద్దుగాల అదే వచ్చి ఏసిపోతది."

పెద్దసారు ఒక క్షణం ఆయన్ను చూసి, గట్టిగా నవ్వాడు. తిరిగి వెళ్ళేటప్పుడు జీపు ఎక్కబోతూ మా సారు భుజం తట్టాడు. వచ్చే వానాకాలం మాకు కుకునూరుపల్లి వైపు చెరువులు కూడా ఇచ్చారు. ఆ చలికాలం నేను బీడీలు చుడుతూ కూడా హాయిగా ఉన్నాను. మృగశిర వస్తుందని తెలుసు కదా.

ఆ తర్వాత చాలా చెరువుల మీద పనిచేశాను. కొత్త చెరువుకు వెళ్ళిన మొదటి రోజు నేను పని మొదలుపెట్టనిచ్చేదాన్ని కాదు. ముఠాను గట్టు మీద కూర్చోబెట్టి, పొద్దంతా ఎవరెవరు నీళ్ళకు వస్తారో చూడమనేదాన్ని. పని ఎగ్గొడుతున్నానని కొందరు ఆఫీసర్లు కోప్పడ్డారు. కోప్పడితే పడ్డాను. మీరు నాటబోయే ఒడ్డు మీకు కొత్త, అక్కడికి రోజూ వచ్చేవాళ్ళకు కాదు. పిల్లలకు నేను చెప్పేది ఇంతే.

ఇంకొక్క ముచ్చట ఉంది. తొంభైల్లో, నా ఉద్యోగం పర్మనెంటు అయ్యాక, ఒక పొద్దున చంద్లాపూర్ వైపు నుంచి బస్సులో వస్తున్నాను. పాలవ్వ క్యాన్లతో ఎక్కింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది, గొంతు మాత్రం అదే. నా సీటు పక్కనే వచ్చి నిలబడింది. బస్సు చెరువు పక్కగా పోతుంటే ముందు సీటులోని ఒక కొత్త కోడలు కిటికీలోంచి చూసి, ఆ ఒడ్డు చెట్లు ఎవరు పెట్టారని అడిగింది.

"మేమే వెట్టినం," అంది పాలవ్వ వెంటనే. తర్వాత కర్రతో నా వైపు చూపించింది. "గీమె గూడ ఉండె. అప్పుడు గీమెకు ఏం దెల్వకుండె. యాడ వెట్టాల్నో, యాడ వెట్టొద్దో అంత నేనే జెప్పిన."

ఆ అమ్మాయి నా వైపు తిరిగి, నిజమేనా అన్నట్టు చూసింది.

"అవును బిడ్డా," అన్నాను. కొంచెం జరిగి పాలవ్వకు చోటిచ్చి, ఒక క్యాను నా ఒళ్ళో పెట్టుకున్నాను.